రెండో సంచి ఎవరిస్తారు?

ఈ వారం నేను నేర్చుకున్న పెద్ద మాట "మానవ వనరులు". వనరు అనేది వనం నుంచి వచ్చిందేమో అనుకున్నాను. కాదట. మనకు ఆధారమైనది, పనికొచ్చేది అని అర్థం. మనుషులు వనరులైతే వాళ్ల మాట కూడా వినాలి కదా? ఈ రోజు నేను చెప్పేది అదే.

నేను యాంగోన్‌లో, తామ్వేలో ఉంటాను. పోయిన ఏడాది మా ఆఫీసులో పర్యావరణం కోసం కొత్త పద్ధతులు పెట్టారు. కాగితం తక్కువ వాడాలి. గదిలో ఎవరూ లేకపోతే ఏసీ ఆపాలి. తడి చెత్త, పొడి చెత్త వేరే డబ్బాల్లో వేయాలి. హెచ్‌ఆర్ వాళ్లు మా అందరికీ ఒక పూట శిక్షణ ఇచ్చారు. ఆఫీసు తుడిచే అక్కను మాత్రం పిలవలేదు. ఆమె కాంట్రాక్టు మనిషి కదా! రోజూ సాయంత్రం ఆ రెండు డబ్బాల చెత్త ఒకే సంచిలోకి వెళ్లేది. మూడు నెలలకు నేను చూసి అడిగాను. "నాకు రెండో సంచి ఎవరిచ్చారు తమ్ముడూ?" అంది.

నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఇది మన కథే.

బ్రిటిష్ కాలంలో రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్లలో, వీధులు ఊడ్చినవాళ్లలో చాలామంది తెలుగువాళ్లు. కోరంగి రేవు పేరుతో మనల్ని ఇక్కడ "కోరంగీలు" అన్నారు. కూలీలను తెచ్చేదీ, పనిలో పెట్టేదీ మేస్త్రీ. వాళ్ల కూలిలో వాటా కూడా తీసుకునేవాడు. ఆ రోజుల్లో హెచ్‌ఆర్ అంటే మేస్త్రీయే! 1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ల బదులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరగానే ఆ బర్మావాళ్లను పంపేశారు. అక్కడ మొదలైన గొడవ పెద్ద అల్లర్లయింది. పేదవాళ్లే పేదవాళ్లను కొట్టారు. ఎంతోమంది మనవాళ్లు చనిపోయారు. మనుషుల్ని వట్టి చేతులుగా లెక్కపెడితే ఇలాగే అవుతుంది.

"సుస్థిరత" అంటే చాలాకాలం నిలవడం. సంస్థ నిలవాలంటే మంచి అలవాట్లు నిలవాలి. పనిలో చేర్చుకునేటప్పుడే వాటి గురించి చెప్పాలి. నేర్పాలి. ఏడాది చివర పని లెక్క చూసేటప్పుడు వాటినీ చూడాలి. బాగా చేసినవాళ్లను మెచ్చుకోవాలి. అప్పుడు ఖర్చూ తగ్గుతుంది. తరచూ కరెంటు పోయే మా ఊళ్లో జనరేటర్‌కు డీజిల్ మిగిలితే డబ్బు మిగిలినట్టే. కానీ ఏ గదిలో ఏసీ ఊరికే తిరుగుతోందో మేనేజర్ కంటే వాచ్‌మన్‌కే బాగా తెలుసు. ఆయన్ని ఎవరైనా అడిగారా?

కాంట్రాక్టు వాళ్లకు కూడా శిక్షణ అంటే ఖర్చు కదా అంటారు. మరి వాళ్లు లేకుండా మాకు ఇచ్చిన శిక్షణ? అదే అసలు దండగ.

ఇప్పుడు అక్కకు రెండో సంచి ఉంది. అన్నం డబ్బాలు కడిగే చోటే తడి చెత్త డబ్బా పెట్టమని ఆమే చెప్పింది. పెట్టాం. ఇప్పుడు చెత్త కలవడం లేదు. మాకు శిక్షణ ఇచ్చినవాళ్లకు ఈ ఆలోచన రాలేదు.

మీ ఆఫీసులో చెత్త ఎవరు తీస్తారు? వాళ్లను మీరు ఏమని పిలుస్తారు? తెలుగులోనే రాయండి. నా తెలుగులో తప్పులుంటే దిద్దండి.