ఏం పోయిందమ్మా?

ఇంట్లో వెతికే పని ఎవరి పేరున రాసి ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. బండి తాళాలు, కళ్ళజోడు, రెండో సాక్సు, గ్యాస్ బుక్కు, ఆధార్ జిరాక్సు, పోయినేడాది పాలసీ రసీదు. "కనిపించట్లేదు" అన్న మాట ఏ గదిలోంచి వినిపించినా లేవాల్సింది మనమే. పోనీ వెతికిపెట్టాక ఓ మంచి మాటైనా ఉంటుందా? "అక్కడే ఉందా! నేను చూశానే!" అని చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోతారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఎన్ని వేలసార్లు వెతికి ఉంటామో ఎక్కడా లెక్క లేదు.

లెక్క రాసుకునే వెతుకులాట కూడా ఒకటుందని నాకు ఈ ఏడాదే తెలిసింది. దాని పేరు జియోకాషింగ్. జర్మనీలో చదువుకుంటున్న మా అక్క కూతురు సెలవులకి వచ్చినప్పుడు చెప్పింది. ఎవరో ఒకరు ఓ చిన్న డబ్బాని బయట ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు వెబ్‌సైటులో పెడతారు. మిగతావాళ్ళు ఫోన్లో జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి వెతుకుతారు. డబ్బాలో కాగితం చుట్ట ఉంటుంది. దొరికినవాళ్ళు దాని మీద పేరూ తేదీ రాసి, మళ్ళీ ఎక్కడిదక్కడే పెట్టి రావాలి. కాస్త పెద్ద డబ్బా అయితే లోపల చిన్న చిన్న వస్తువులుంటాయి. ఒకటి తీసుకుంటే అంత విలువైనదే ఇంకోటి పెట్టాలి. అంతే ఆట. బహుమతి లేదు, పందెం లేదు.

"హనుమంతుడు ఉంగరం ఇచ్చి చూడామణి తెచ్చినట్టన్నమాట" అన్నాను. "పిన్నీ, నీకు రూల్సు భలే వంటబట్టాయే" అని నవ్వింది.

ఈ ఆట పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. ఒకప్పుడు అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేది. మనం ఉన్న చోటుకీ అది చూపించే చోటుకీ 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 2న ఆ తప్పు కలపడం మానేశారు. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలో ఒక బకెట్ దాచి, అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టి, వెతుక్కోండి అన్నాడు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ఇలాంటి డబ్బాలు 30 లక్షలకి పైనే ఉన్నాయి. ఆ మొదటి బకెట్లో ఆయన బీన్స్ డబ్బా కూడా పెట్టాడట. తినేవి పెట్టకూడదని తర్వాత నియమం పెట్టుకున్నారు. మనల్ని అడిగితే మొదటిరోజే చెప్పేవాళ్ళం, చీమలు పడతాయని.

తార్నాక వాళ్ళకి ఉస్మానియా క్యాంపస్ పెరడు లాంటిది. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ వైపు వెళ్ళి చూడండి, సల్వార్ కమీజు కింద స్పోర్ట్స్ బూట్లు, చీర కింద స్పోర్ట్స్ బూట్లు, బుర్ఖా కింద స్పోర్ట్స్ బూట్లు. అందరం ఆడవాళ్ళమే, అందరం గబగబా నడుస్తూనే ఉంటాం. 1939లో తెరిచిన ఆ పెద్ద రాతి కట్టడాన్ని తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. ఎందుకంటే మేం చూడ్డానికి రాలేదు, షుగర్ తగ్గించుకోవడానికి వచ్చాం. పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉండనే ఉంది, ఏం తినాలో ఎంత నడవాలో చెప్పడానికి.

మా పక్కింటి వదినా నేనూ మొదట ఈ క్యాంపస్‌లోనే అభ్యాసం చేశాం. మా చుట్టుపక్కలంతా సుమారుగా 17 డిగ్రీల 25 నిమిషాల ఉత్తరం, 78 డిగ్రీల 32 నిమిషాల తూర్పు. "మెట్రో స్టేషన్ దాటాక, టిఫిన్ సెంటర్ ఎదురు గల్లీ" అని చెప్పుకునే మాకు ఈ అంకెలు మొదట మింగుడు పడలేదు. ఆరుబయట నిలబడితే మామూలు ఫోన్ ఐదు మీటర్లు అటూ ఇటూగా చూపిస్తుంది. చెట్ల కిందికి వెళ్తే అంకెలు గెంతులేస్తాయి. ఐదు మీటర్లంటే తక్కువ అనుకోకండి, మా హాలూ వంటిల్లూ కలిపితే అంతే ఉంటుంది. అక్కడి నుంచి ఫోన్ పనికిరాదు, కళ్ళే.

డబ్బా ఉన్నది క్యాంపస్‌లో కాదు, తార్నాకలోనే ఒక చిన్న పార్కులో. ఏ పార్కో చెప్పను. చెప్తే ఆట పాడవుతుంది. సాయంత్రం వంట మొదలెట్టకముందు ఓ అరగంట చొప్పున మూడు రోజులు వెతికాం. బెంచీల కిందా, కంచె స్తంభాల వెనకా, నీళ్ళ పైపు మూతల దగ్గరా.

మొదటిరోజే తోటపని చేసే అతను గొట్టం పక్కన పెట్టి వచ్చాడు. "ఏం పోయిందమ్మా? కమ్మనా?" అన్నాడు. వాకింగ్ చేస్తున్న ఒకాయన ఆగి, అడక్కుండానే ఫోన్ టార్చి వేసి పట్టుకున్నాడు. బెంచీ మీద కూచున్న పెద్దావిడ, "పుస్తెలతాడా బిడ్డా?" అని లేచి నిలబడింది. ఇక వదిన ఆగలేక "ఉంగరమండీ" అనేసింది. రెండు నిమిషాల్లో ఆరుగురు గడ్డి దువ్వుతున్నారు, లేని ఉంగరం కోసం. ఒకావిడ పిల్లాడికి తాయెత్తు పోతే ఎక్కడ దొరికిందో చెప్పింది. ఒకాయన ఎన్ని గ్రాములని అడిగాడు.

నిజంగా మంచివాళ్ళు, ఒక్కళ్ళనీ తప్పు పట్టను. కానీ ఆ రాత్రి పడుకున్నాక నా బుర్రలో ఒకటే తిరిగింది. ఆడది వంగి వెతుకుతోందంటే ఏదో పోగొట్టుకుందనే అందరి లెక్క. అదీ బంగారమే అయ్యుండాలి. నలభై దాటిన మనిషి ఆడుకుంటోందేమో అని ఒక్కరికీ తట్టలేదు. తట్టే దారి కూడా లేదు, వాళ్ళు అలాంటిది చూసి ఉంటే కదా.

అదే పార్కులో మూలనున్న షటిల్ కోర్టులో మా ఆయన వయసువాళ్ళు రోజూ ఆడతారు. అరుచుకుంటారు, పాయింట్ల కోసం తగువు పడతారు. ఇంకో మూల నలుగురు చదరంగం చుట్టూ గుంపు కడతారు. "ఎందుకు" అని వాళ్ళనెవరూ అడగరు. మనకి మాత్రం ఇల్లు దాటే ప్రతిసారీ ఒక చీటీ కావాలి. వాకింగ్‌కి షుగర్, గుడికి మొక్కు, పార్కుకి పిల్లలు, బజారుకి కూరలు. యోగా క్లాసుకి సైతం నడుం నొప్పి ఉండాలి. ఒంట్లో ఏ రోగమూ లేని ఆడమనిషి సాయంత్రం ఐదున్నరకి ఊరికే, సరదాగా, ఏ ప్రయోజనమూ లేని పనికి బయల్దేరితే చీటీ మీద ఏం రాస్తుంది? మన ఆరోగ్యం కూడా మనకోసమని ఎవరైనా అంటారా? "నువ్వు మంచం పడితే ఇల్లు ఎట్లా గడుస్తుంది" అంటారు. మనమూ అదే అంటాం, అదీ నా బాధ.

డిగ్రీలో చదువుకున్న పోతన గుర్తొచ్చాడు. దశమ స్కంధంలో కృష్ణుడు మాయమైతే గోపికలు తోటంతా తిరిగి పున్నాగనీ తిలకాన్నీ మల్లెపొదల్నీ పేరుపేరునా పిలిచి అడుగుతారు. వెతుకులాటే ఆటగా మారే చోటు అది. వెతుకుతూ వెతుకుతూ వాళ్ళు కృష్ణుడి చేష్టలన్నీ అభినయిస్తారు కూడా. ఆ పద్యాలు కంఠతా పట్టి మార్కులు తెచ్చుకున్న మా క్లాసులో ఎంతమంది పెళ్ళయ్యాక ఒక తోటలో పని లేకుండా తిరిగారో అడగాలనిపిస్తుంది.

మీలో కొందరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు, పార్కుల్లో డబ్బాలు దాచడమేంటమ్మా, ఇది హైదరాబాదు అని. నిజమే. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో బాంబులు పేలి 40 మందికి పైగా పోయారు. ఆ సాయంత్రం ఫోన్లు కలవక మనం పడ్డ నరకం మర్చిపోయేది కాదు. ఎవరూ పట్టించుకోని సంచి కనిపిస్తే ఇప్పటికీ నా కాళ్ళు రెండడుగులు వెనక్కి వేస్తాయి. ఈ భయం మనకే కాదు. ఇంగ్లండులో వెదర్‌బీ అనే ఊళ్ళో 2011లో ఒకతను వీధిలో డబ్బా పెట్టడం చూసి ఎవరో పోలీసులకి చెబితే, బాంబు దళం వచ్చి దాన్ని పేల్చేసింది. తీరా అది ఈ ఆట డబ్బా.

అందుకని ఆటే వద్దనను. పద్ధతిగా ఆడాలంటాను. స్థలం ఎవరిదో వాళ్ళ అనుమతి తీసుకోవాలని ఆ వెబ్‌సైటు నియమాల్లోనే ఉంది. పాతిపెట్టడానికి తవ్వకూడదు. మన ఊళ్ళో అయితే నేను ఇంకో రెండు కలుపుతాను. డబ్బా లోపలిది కనిపించేలా ఉండాలి. మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో "ఇది ఆట డబ్బా" అని రాయాలి. బడులు, ఆసుపత్రులు, రైల్వే స్టేషన్ల ఛాయలకి పోకూడదు. ఇంకో సంగతి, ఈ ఆట తెలియనివాళ్ళని వీళ్ళు మగుల్స్ అంటారు. హ్యారీ పోటర్‌లోంచి తీసుకున్న మాట, మంత్రాలు రానివాళ్ళని అర్థం. మగుల్స్ కంట పడకుండా వెతకాలట. నాకు అది నచ్చలేదు. టార్చి పట్టుకున్న ఆయన్ని, లేచి నిలబడ్డ ఆ పెద్దావిడని మగుల్స్ అనడానికి నా నోరు రాదు. మన పార్కుల్లో దొంగచాటుగా ఏదీ జరగకపోవడమే మేలు. రెండోరోజు మేం ఆ తోటతనికి ఆట సంగతి చెప్పేశాం. అతను కాసేపు ఆలోచించి, "దొరికితే ఏమొస్తది?" అన్నాడు. "ఏమీ రాదు" అన్నాం. "మరి మంచిదే" అన్నాడు. ఆ "మంచిదే"కి అర్థం నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియలేదు.

మూడోరోజు వదినకే దొరికింది. పాత కెమెరా రీలు డబ్బా అంత ఉంది. చూడకుండానే చెయ్యి పెట్టి లాగింది. అటక మీద చీకట్లో సరైన డబ్బానే పట్టుకునే చెయ్యి మరి! ఇద్దరం చిన్నపిల్లల్లా అరిచాం. షటిల్ ఆడేవాళ్ళు ఆట ఆపి మరీ చూశారు.

లోపలి కాగితం వేలెడు వెడల్పు. అప్పటికి రాసినవాళ్ళు కొద్దిమందే, అన్నీ మారుపేర్లే. నేను "పున్నాగ" అని రాశాను, పోతన పుణ్యమా అని. పెన్ను వదినకిచ్చాను. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. తర్వాత వంగి, మోకాలి మీద కాగితం పెట్టుకుని, పుట్టింటి ఇంటిపేరుతో తన పూర్తి పేరు రాసింది. గుండ్రటి, పొందికైన అక్షరాలు. ఆవిడ రేషన్ కార్డులో ఫలానావారి భార్య, బడిలో ఫలానా పిల్లల తల్లి, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫ్లాట్ నంబరు. పన్నెండేళ్ళుగా పక్కపక్కనే ఉంటున్నాం, ఆవిడ ఇంటిపేరు అదని నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

మేం రోజూ నడిచే క్యాంపస్ నేల ఒకప్పుడు మహ్‌లఖా బాయి చందా జాగీరులోదని అంటారు. 1824లో పోయిన ఆ కవయిత్రి ఉర్దూ గజళ్ళ పుస్తకం అదే ఏడాది వచ్చింది. మౌలాలి గుట్ట కింద ఆమె సమాధి ఉంది. అంతటావిడ పేరే మా వాకింగ్ జట్టులో ఇద్దరికి మించి తెలియదు. మరి మన పేర్లు ఎవరు రాస్తారు, మనం రాసుకోకపోతే?

ఇప్పుడు వదినకి కొత్త ఊపొచ్చింది. మనమే ఒక డబ్బా దాచుదాం అంటోంది. కనిపించే ప్లాస్టిక్ డబ్బా ఇంట్లోనే ఉంది, పోయిన దీపావళికి స్వీట్లు వచ్చిన పెట్టె. లోపల వెయ్యడానికి రెండు గాజులు, ఒక గవ్వ, ఒక బొంగరం తీసి పెట్టింది. మా వీధి పక్కన పూలమొక్కలు పెంచే చిన్న స్థలం ఉంది కదా అని దాన్ని చూసుకునే పెద్దమనిషిని అనుమతి అడిగాం. ఆయన కాదనలేదు, ఒక కాగితం మీద రాసిమ్మన్నారు. పేరు, ఫ్లాట్ నంబరు, ఎంతకాలం ఉంచుతారు, దీనివల్ల ఉపయోగం ఏమిటి.

మొదటి మూడూ నింపేశాం. నాలుగోదాని దగ్గర వదిన "వ్యాయామం అని రాసేద్దాం, గొడవ ఉండదు" అంటోంది. నేను ఒప్పుకోవట్లేదు. "ఆట" అని రాద్దామంటున్నాను. కాగితం ఫ్రిజ్ మీదే ఉంది.