పొట్టికాళ్ల వేటకుక్క

మా యింటికి వచ్చినవారు మా డాక్సుహుండును జూచి నవ్వక మానరు. జానెడెత్తు, మూరెడు పొడవు! దీని నెవ్వరో నవ్వులకై పుట్టించిరని తలంతురు. కాని యీ యాకృతి పనికొరకు గల్పింపబడినది.

జర్మనీ దేశమున బేడ్జరు అను మృగము కలదు. అది నేలలో లోతైన బొరియలు త్రవ్వుకొని వసించును. దాని పండ్లును గోళ్లును మిగుల వాడియైనవి. ఆ బొరియలోనికే చొచ్చి దాని నెదిరించుటకై వేటకాండ్రు పొట్టికాళ్ల కుక్కల నేరి, జతగూర్చి, తరతరములుగా నీ జాతిని తీర్చిరి. వారి భాషలో 'డాక్సు' యనగా బేడ్జరు, 'హుండు' అనగా కుక్క. ముంగాళ్లు వెడల్పుగా నుండి మన్ను త్రవ్వుట కనుకూలించును. కంఠధ్వని మాత్రము శరీరమునకు మించినది. నేలక్రింద నెచ్చట మొరుగుచున్నదో పైనున్న వేటకానికి వినబడవలెను గదా! (ఈ కారణము చెప్పినను మా పొరుగువారి కోపము తగ్గలేదు.) కుందేళ్ల బొరియలకై మరింత చిన్నరకమును గూడ పుట్టించిరి.

ఇంగ్లండులో విక్టోరియా రాణి వీనిని పెంచెను. 1914లో యుద్ధము రాగా, శత్రుదేశపు కుక్క యని ఆ దేశముననే దీనిని ద్వేషించిరి. పాపము, దానికి రాజకీయము లేమి తెలియును?

బొరియకు బనికివచ్చిన దేహమే యింటిలో దానికి చిక్కు తెచ్చినది. ఈ పొట్టికాళ్లకు ఒక జన్యువుయొక్క అదనపు ప్రతి కారణమని శాస్త్రజ్ఞులు 2009లో కనుగొనిరి. అట్టిదే మరియొక ప్రతికిని వెన్నురోగమునకును సంబంధము కలదని 2017లో తేలినది. వెన్నుపూసల నడుమనుండు మెత్తని బిళ్లలు చిన్నవయసుననే గట్టిపడి, జారి, నరములను నొక్కును. నాలుగైదు కుక్కలలో ఒకదానికి ఈ బాధ కలుగుచున్నది.

మా కుక్కకు ఆరవయేట నిట్లయ్యెను. పిల్లలు బిస్కత్తు చూపి మంచముపైనుండి దుమికించుచుండగా నేనును జూచి సంతోషించినదాననే. ఒకనాటి యుదయమున వెనుకకాళ్లు లేవలేదు. వెంటనే పశువైద్యునికి జూపి, ఆయన చెప్పినట్లు ఆరువారములు ఇరుకైన చోట కదలనీయక యుంచితిమి. ఇప్పుడు నడచుచున్నది గాని కొంచెము తూలును.

ఈ జాతిని పెంచువారు మంచము చెంత వాలుబల్ల నుంచుడు. ఎత్తునపుడు ఒక చేయి రొమ్ముక్రిందను, ఒక చేయి నడుముక్రిందను ఉండవలెను. బరువు పెరిగినకొలది వెన్నునకు శ్రమ గనుక తిండి మితముగా నుండవలెను. మా యత్తగారు మాత్రము "చిక్కిపోయినదే, పాపము!" అనుచు చాటుగా నేతియన్నము పెట్టుచునే యున్నారు.