పంపు పోయిందా?

మొన్న మా అక్కయ్యగారి ఊరు వెళ్ళాను. ఊరంతా దమ్ముల హడావుడిలో ఉంటే మా బావ అరుగుమీద కూర్చుని భుజానికి కాపడం పెట్టించుకుంటున్నాడు. పాత ట్రాక్టరు. పవర్ స్టీరింగు బిగుసుకుపోయింది. పట్నం మెకానిక్కు బండి చూడకుండానే, "పంపు పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నాడట. అక్కయ్య గాజులు తాకట్టుకు సిద్ధంగా ఉన్నాయి.

ఇంతలో ఊళ్ళో ముసలి మేస్త్రీ వచ్చాడు. ముందు టైర్లలో గాలి చూశాడు. అది తగ్గినా స్టీరింగు బరువెక్కుతుంది. నూనె మట్టం చూశాడు. తగ్గలేదు, నురగా లేదు. ఇంజను ఆపి, ముందు ఇరుసును జాకీతో లేపి, కింద దిమ్మలు పెట్టాడు. స్టీరింగు కడ్డీ విప్పి చక్రాన్ని చేత్తో తిప్పబోయాడు. కదలదే!

"ఇప్పుడు పంపుతో పనే లేదు గదా బాబూ! కింగుపిన్ను ఎండిపోయింది."

బురదనీరు గ్రీజును కడిగేసిందట. పిన్ను విప్పి, తుడిచి, కొత్త గ్రీజు ఎక్కించాడు. చక్రం తిరిగింది.

"ముందే తేలిగ్గా తిరిగివుంటే?" అన్నాను.

"అప్పుడు ఫిల్టరు చూస్తాం. ఆపైన నూనె ఒత్తిడి కొలుస్తాం. అదీ తగ్గితేనే పంపు."

గాజులు అక్కయ్య చేతికే మిగిలాయి. తిరుగు బస్సులో నాకు నా విద్యార్థులు గుర్తుకొచ్చారు. వాక్యం నడవకపోతే, "వీడికి భాషే రాదు" అని ఎన్నిసార్లు తేల్చేశానో! ఒక్క విభక్తి సరిచేస్తే నడిచేదేమో.