కుచ్చిళ్లు వెనకుంటేనే కిల్టు!

చీర కడితే కుచ్చిళ్లు ఎటు రావాలి? ముందుకి. ఏ తెలుగింట్లో ఎవర్నడిగినా చెప్పేస్తారు. గ్లాస్గోలో ఎమ్మెస్సీ చదవడానికి వెళ్లిన మా పిన్ని కొడుకు కూడా ఆ లెక్కే వేసుకున్నాడు. పాపం, అక్కడే బోల్తాపడ్డాడు!

సంగతేంటంటే... వాడి క్లాస్‌మేట్‌కి పెళ్లి కుదిరింది. ‘తోడు పెళ్లికొడుకుల్లో నువ్వూ ఒకడివి, అందరితోపాటు నువ్వూ కిల్టు వేసుకోవాలి’ అన్నాడట ఆ అబ్బాయి. ముందురోజు అద్దె దుకాణం నుంచి పెద్ద పెట్టె వచ్చింది. తెరిస్తే ఒకటా రెండా... గళ్ల లంగాలాంటిది, తోలు సంచి, గొలుసు, పిన్నీసు, చిన్న కత్తి, మేజోళ్లు, వాటికి రెండు రిబ్బన్లు, నాలుక లేని బూట్లు. ఎవర్నయినా అడగడానికి మొహమాటం. కుచ్చిళ్లు ముందుకొచ్చేలా చుట్టేసి, సంచిని పక్కకి తగిలించేసి, హోటల్ మెట్లు దిగాడు.

హాల్లో నిలబడ్డ వాళ్లెవరూ నవ్వలేదు. పెళ్లికొడుకు తాతగారు మాత్రం నెమ్మదిగా వచ్చి, వీణ్ని చెయ్యిపట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్లారు. మొత్తం విప్పించి మొదట్నుంచీ తనే దగ్గరుండి తొడిగించారు. ‘ఇది వేషం కాదు నాయనా, బట్ట. బట్టలాగే వేసుకోవాలి’ అన్నారట. ఆ రాత్రే ఫోన్ చేసి ‘అక్కా, నా ఒడుగునాడు మన తాతయ్య పంచె కట్టారే... అచ్చం అలాగే ఉంది’ అన్నాడు మావాడు.

యూకేలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు తక్కువేం కాదు. పెళ్లి పిలుపో, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే విందో, నవంబరు 30న సెయింట్ ఆండ్రూస్ డే వేడుకో... ఎప్పుడో ఒకప్పుడు ఆ పెట్టె వాళ్ల ముందుకీ రావచ్చు. అందుకే ఈ వారం ఆ తాతగారి పాఠం మీకోసం.

ముందు మేజోళ్లు... తర్వాతే కిల్టు

మనం బూట్లు చివర్లో వేసుకుంటాం. ఇక్కడ వరస తిరగబడుతుంది. చొక్కా తొడుక్కున్న వెంటనే మేజోళ్లు, బూట్ల పని పూర్తిచేసేయాలి. ఎందుకంటే, కిల్టు బిగించాక వంగడం కష్టం. ఒకవేళ వంగినా ఇస్త్రీ మడతలన్నీ పాడైపోతాయి!

మేజోళ్లు మందపాటి ఉన్నివి. మోకాలి చిప్పకి మూడు వేళ్ల కిందిదాకా లాగి, పై అంచుని మడవాలి. ఆ మడత కింద ఎలాస్టిక్ పట్టీ ఉంటుంది. దానికి వేలాడే రిబ్బను ముక్కల్ని ‘ఫ్లాషెస్’ అంటారు. అవి కాలికి బయటివైపు, మడత కింద నుంచి కాస్త మాత్రమే కనిపించాలి. రెండు కాళ్లకీ మడత ఒకే ఎత్తులో ఉందో లేదో అద్దంలో చూసుకోవాలి. ఫొటోల్లో మొదట దొరికిపోయేది ఇదే.

బూట్లని ‘గిల్లీ బ్రోగ్స్’ అంటారు. వీటికి లోపల నాలుక ఉండదు, లేసులు మాత్రం చాలా పొడుగు. ముందు రెండు కొసల్నీ ఒకదానికొకటి మెలిపెట్టి, చీలమండ పైన కాలి చుట్టూ తిప్పి, ముడి ముందుకొచ్చేలా వేయాలి. మరీ మోకాలిదాకా చుట్టుకుంటూ పోతే అది నాటకం వేషమే అవుతుంది.

బొడ్డు దగ్గర మొదలు... మోకాలి దగ్గర ఆఖరు

ఇక అసలు కిల్టు. సంప్రదాయ పద్ధతిలో కుట్టినదానికి ఎనిమిది గజాల ఉన్ని పడుతుంది. అంటే మన పెద్దవాళ్లు కట్టే తొమ్మిది గజాల చీరకి ఒక్క గజమే తక్కువ! బరువైన రకమైతే దాదాపు రెండు కిలోలు తూగుతుంది. ఆ గుడ్డలో ఎక్కువభాగం వెనక కుచ్చిళ్లకే పోతుంది. అవి ముందే కుట్టేసి ఉంటాయి. ముందువైపు మాత్రం ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు చదునైన పొరలు.

వేసుకునే తీరు ఇదీ... కుచ్చిళ్లని నడుము వెనక్కి పట్టుకోవాలి. కుడివైపు పొరని ముందునుంచి ఎడమకి లాగి, దాని పట్టీని నడుము పట్టీకి ఉండే చిన్న కాజాలోంచి బయటికి తీసి ఎడమ తుంటి దగ్గర బకిల్‌కి బిగించాలి. తర్వాత ఎడమవైపు పొరని దానిమీదుగా కుడికి తెచ్చి, కుడి తుంటి దగ్గరి బకిళ్లకి పెట్టాలి. దారాల కుచ్చు అంచు కుడివైపు కనిపిస్తే మగవాళ్ల కిల్టు సరిగ్గా వేసుకున్నట్టు.

అందరూ చేసే పొరపాటు ఇంకోటుంది. జీన్స్ అలవాటుకొద్దీ కిల్టుని తుంటి మీదికి జార్చేస్తారు. అది నిలవాల్సింది అక్కడ కాదు, ఇంకా పైన, బొడ్డు దగ్గర. కింది అంచు మోకాలి చిప్ప మధ్యకి రావాలి. మోకాళ్ల మీద నిటారుగా నిలబడి చూస్తే అంచు నేలకి తాకీతాకనట్టు ఉండాలి. అంతకన్నా దిగితే లంగాలా ఉంటుంది, పైకి పోతే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఈ ఎత్తు తప్పు సామాన్యులకే కాదు, రాజులకీ తప్పలేదు. 1822లో నాలుగో జార్జి ఎడిన్‌బరోకి వచ్చినప్పుడు, రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి ఏర్పాట్లు చూశారు. రాజుగారు కిల్టు వేసుకుని దర్బారుకొచ్చారు. అది మరీ పొట్టిగా ఉంది, పైగా కింద ఒంటిరంగు బిగుతు లాగు. వ్యంగ్య చిత్రకారులకి పండగే పండగ! డేవిడ్ విల్కీ గీసిన రాజచిత్రంలో మాత్రం అవన్నీ అందంగా సర్దుకుపోయాయి.

పిన్ను ఒక్క పొరకే... సంచి మధ్యలోనే

కిల్టు పిన్ను పెట్టేది కుడివైపు కింది మూలన. అంచుకి రెండంగుళాల ఎడంలో, పైపొర ఒక్కదానికే గుచ్చాలి. గాలికి పొర ఎగరకుండా బరువుగా ఉండటమే దాని పని. జారిపోతుందన్న భయంతో రెండు పొరలూ కలిపి గుచ్చారో... కూర్చున్నప్పుడు గుడ్డ పట్టేస్తుంది, కొత్త కిల్టయినా చిరుగుతుంది. అద్దెదైతే ఆ చిరుగుకి డబ్బు కట్టాలి కూడా!

కిల్టుకి జేబులుండవు. ఆ లోటు తీర్చేదే ‘స్పోరన్’ అనే సంచి. గొలుసుతో నడుముకి కట్టి, ముందు సరిగ్గా మధ్యలో, బెల్టు బకిల్‌కి నాలుగు వేళ్ల కిందికి వచ్చేలా సర్దుకోవాలి. పగటి పూట వేడుకలకి మామూలు తోలుది, రాత్రి విందులకి బొచ్చుతో, వెండి అంచుతో ఉండేది. కారు నడిపేటప్పుడూ, గట్టిగా గెంతే నాట్యాలప్పుడూ పక్కకి జరుపుకుంటారు. మళ్లీ నిలబడగానే మధ్యకి తెచ్చుకోవాలి.

మేజోడులో దోపుకునే చిన్న కత్తి పేరు ‘స్కీన్ డూ’. గేలిక్ భాషలో నల్లకత్తి అని అర్థం. కుడిచేతి వాటం వాళ్లు కుడి మేజోడులో పెట్టుకుంటారు. పైకి కనిపించాల్సింది పిడి మాత్రమే. బహిరంగ ప్రదేశాల్లో కత్తి పట్టుకు తిరగడం బ్రిటన్‌లో నేరమే అయినా, జాతీయ దుస్తుల్లో భాగంగా పెట్టుకుంటే చట్టం మినహాయింపు ఇచ్చింది. మతపరమైన కారణాలకీ మినహాయింపు ఉంది కాబట్టి సిక్కుల కృపాణానికీ అది వర్తిస్తుంది. అలాగని విమానంలో చేతిసంచిలో పెట్టుకుంటే మాత్రం ఒప్పుకోరు. చెకిన్ సామానులో వేయాల్సిందే.

కోటు సంగతికొస్తే... రాత్రి విందుకి ‘ప్రిన్స్ చార్లీ’ కోటు, మూడు గుండీల వెయిస్ట్‌కోటు, బో టై. పగటి పెళ్లికి ‘ఆర్గైల్’ కోటు, పొడుగు టై. ఒకటే గుర్తు... వెయిస్ట్‌కోటు వేసుకుంటే బెల్టు వద్దు. రెండూ ఉంటే పొట్ట దగ్గర ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

ఈ గళ్లు ఎవరివి?

‘ఫలానా వంశం గళ్లు వేసుకుంటే తగాదా అవుతుందా?’ మావాడి మొదటి భయం ఇదేనట. ఆ గళ్ల నేతని టార్టన్ అంటారు. ఒక్కో వంశానికీ, ఊరికీ, పటాలానికీ ఒక్కో వరస. వీటిని నమోదు చేయడానికి 2009 నుంచి ప్రభుత్వ రిజిస్టరే ఉంది. కానీ ఎవరు ఏది వేసుకోవాలన్నదానికి సాధారణంగా చట్టమేమీ అడ్డురాదు. మర్యాదే కొలబద్ద. రాజకుటుంబానికి చెందిన ‘బాల్మోరల్’ని మాత్రం రాజు అనుమతి లేకుండా వేసుకోరు. ఏ వంశంతోనూ సంబంధంలేని వాళ్లకి ముదురు నీలం, ఆకుపచ్చ కలిసిన ‘బ్లాక్ వాచ్’ ఉండనే ఉంది. పెళ్లివారు ఒకటి ఎంచి ఇస్తే అదే వేసుకోవడం ఇంకా మంచిది.

‘లోపల ఏం వేసుకుంటారు?’ అని మాత్రం దయచేసి ఎవర్నీ అడక్కండి. వాళ్లు విని విని విసిగిపోయిన జోకు అది. అద్దె కిల్టయితే లోదుస్తులు వేసుకోవడమే శుభ్రత, మర్యాద కూడా. హైలాండ్ నాట్య పోటీల్లో అయితే అది నిబంధనే!

కూర్చోవడం కూడా ఒక విద్యే. కూర్చునే ముందు అరచేత్తో వెనక కుచ్చిళ్లని కిందికి సవరించుకుని, మోకాళ్లు దగ్గరగా పెట్టుకోవాలి. లంగా ఓణీ వేసుకున్న అమ్మాయిలకి ఇంట్లో చెప్పే మాటే ఇది. ఈసారి అబ్బాయిలు వినాలి, అంతే తేడా!

ముప్ఫయ్యారేళ్ల నిషేధం

ఒక బట్టకి ఇన్ని పట్టింపులా అనిపించొచ్చు. దానికో కారణముంది. 1746లో కలోడెన్ యుద్ధంలో హైలాండ్ తిరుగుబాటుదారులు ఓడిపోయాక, మగవాళ్లూ మగపిల్లలూ హైలాండ్ దుస్తులు వేసుకోకూడదని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు. రెండోసారైతే ఏడేళ్లు సముద్రాల అవతలికి ప్రవాసం. సైన్యంలో పనిచేసే వాళ్లకి మాత్రమే మినహాయింపు. 1782లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఒక తరం మొత్తం తాతల బట్ట తొడుక్కోకుండానే పెరిగింది. రద్దయ్యాక అది పొలం పనుల బట్టగా తిరిగి రాలేదు, పండగ బట్టగా వచ్చింది. హైలాండ్ పటాలాలతోపాటు దేశదేశాలు తిరిగింది. రిపబ్లిక్ డే తర్వాత బీటింగ్ రిట్రీట్‌లో మన సైనికులు వాయించే బ్యాగ్‌పైపులూ ఆ పటాలాల బాటలో వచ్చినవే.

బట్ట కట్టుకున్నందుకు జైలుకెళ్లిన జ్ఞాపకం ఉన్నచోట పరాయివాడు దాన్ని అడ్డదిడ్డంగా చుట్టుకొస్తే మనసు చివుక్కుమనదూ! అయినా ఆ తాతగారు కోప్పడలేదు. కుచ్చిళ్లు వెనక్కి తిప్పారు, పిన్ను సరిచేశారు, భుజం తట్టి పందిట్లోకి పంపారు.

చివరాఖర్న ఒక ముచ్చట. కిందటేడు మావాడి పెళ్లి విజయవాడలో జరిగింది. ఆ స్కాట్లండ్ అబ్బాయి భార్యతో సహా వచ్చాడు. రెడీమేడ్‌గా దొరికే వెల్క్రో పంచె కొనిపెడదామంటే ఒప్పుకోలేదు, అసలుదే కావాలన్నాడు. కట్టుకున్నాడు కానీ, భోజనాల బల్ల దాకా వచ్చేసరికి జారడం మొదలైంది. ఎవరో ఫోన్ ఎత్తబోయారు. మా బాబాయి వాళ్లని చేత్తో వారించి, ఆ అబ్బాయిని పక్క గదిలోకి తీసుకెళ్లాడు. పది నిమిషాల తర్వాత బయటికొచ్చినప్పుడు కుచ్చిళ్లు సరిగ్గా ఉన్నాయి... గోచీ కూడా!