డిసెంబర్ ఆఖరుల ఒక్క లెక్క

జర పొడుగు రాస్తున్న, ఓపిక చేసుకొని చదువుండ్రి.

ఇగ నాలుగు రోజులైతే మన ఫోన్లన్నీ శుభాకాంక్షల బొమ్మలతోటి నిండుతయి. లీడర్లు పెడుతరు, మందుల దుకాణపోళ్లు పెడుతరు. పట్నంల చదివే పిల్లలు ఫోన్ చేసి "బాపూ, వచ్చే ఏడు నీ గోల్ ఏంది" అని అడుగుతరు. మనం నవ్వి, రైతుకు గోల్ ఏంది బిడ్డా, వాన దేవుని చేతిల, ధర సేటు చేతిల అంటం. ఈ మాట మీదనే నాకు కోపం. ఇరవై ఏండ్లు నేను కూడ ఇదే మాట అన్న, అందుకే కోపం.

మన ఏడాది ఉగాదికి కదా, పసుపు ఇంక తవ్వనే లేదు, డిసెంబర్‌తో మనకేం పని అని కొందరంటరు. నిజమే. కానీ చూడుండ్రి, వానాకాలం వడ్ల పైసలు ఇప్పుడే ఖాతాల వడ్డయి. యాసంగి నారు పోసినం, నాటు ఇంక వడలేదు. చేతిల పైసలుండి, మడి ఖాళీగ ఉండేది ఏడాదిల ఈ పదిహేను రోజులే. నాటు వడ్డంక ఏం ఆలోచించినా నడుమంటి నీళ్లల్ల నిలవడి ఆలోచించినట్టే.

అందుకే ఈసారి నోటుబుక్కు తీసి లెక్క రాసిన. మూడెకరాల వరి, 72 క్వింటాళ్లు. 2025-26ల ఏ గ్రేడు మద్దతు ధర 2,389. అంటే లక్షా 72 వేలు. కల్లం కాడ ఈ అంకె చెప్పుకొనే మనం మీసం తిప్పుతం. ఇగ కిందికి రాండ్రి. 40 కిలోల బస్తాలు 180. బస్తాకు 2 కిలోలు తరుగు తీసిండ్రు, 360 కిలోలు, 8,600 రూపాయలు పోయినయి. దున్నకం, నాటు కూలి, యూరియా, డీఏపీ, మందులు, కోత మిషన్, ట్రాక్టర్ కిరాయి కలిపి 96 వేలు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 60 వేలకు ఆరు నెలల మిత్తి 7,200. మిగిలింది 60 వేలు. నేను, మా ఇంటామె, ఇద్దరం ఆరు నెలలు చేసిన పనికి. నెలకు ఇద్దరికి కలిపి 10 వేలు!

సిరిసిల్లల సాంచా నడిపేటాయనను అడుగుండ్రి, ఇయ్యాల ఎన్ని మీటర్లు నేసిండో, కూలి ఎంతయిందో నిద్రల లేపినా చెప్తడు. మనల్ని అడిగితే ఎకరానికి ఎన్ని బస్తాలు ఎల్లినయో చెప్తం, ఎంత మిగిలిందో చెప్పం. బస్తాల లెక్క మిల్లుకు కావాలె, మందుల దుకాణానికి కావాలె. మనం వాళ్ల గోల్‌ను మన గోల్ అనుకొని ఉరుకుతున్నం.

మా పెద్దోడు పాస్‌పోర్టు తీసిండు. కోరుట్ల దిక్కు ఏ ఊరికి వోయినా దుబాయి, మస్కట్ వోయినోళ్ల పేర్లు చెప్తరు, కొత్త ముచ్చటేం గాదు. వాణ్ని ఆపుదమని నా కోరిక. ఏం చూపెట్టి ఆపాలె? ఆ 60 వేల కాగితమా?

నిరుడు ఇదే దినాలల్ల మూడు మాటలు రాసుకున్న. దుకాణంల ఉద్దెర తేవద్దు, పసుపు అంతా ఒక్కసారే మార్కెట్‌కు తోలద్దు, యాసంగిల ఒక ఎకరం వరి ఇడువాలె. మొదటిది సగం అయింది. రెండోది అయింది. మూడోది కాలే, భయపడ్డ. చుట్టూ అందరు వరి వేస్తే నడుమ నా మడిల నీళ్లు ఊరుతయి, ఆరుతడి పంట మురుగుతది. ఇది ఒక్కని పట్టుదలతో అయ్యే పని గాదు. గోల్స్ మీద ఉపన్యాసాలు చెప్పేటోళ్లకు ఈ సంగతి ఎరుక లేదు. నువ్వు మారు, నీ బతుకు మారుతది అంటరు. పక్క మడి నీళ్లు ఆగుతయా?

మనం కలిసి పట్టుకున్న పని ఏదన్న ఉన్నదా అంటే ఉన్నది. 2019ల మన జగిత్యాల, కోరుట్ల ఉన్న నిజామాబాద్ పార్లమెంటుకు పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నిలవడ్డరు. మొత్తం 185 మంది బరిలున్నరు. దేశమంతా చూసింది. నవ్వినోళ్లు నవ్విండ్రు, 2025 జనవరి 14న పసుపు బోర్డు మొదలైంది. పసుపుకు మద్దతు ధర ఇప్పటికీ లేదు, అది వేరే కొట్లాట. మరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ చూడుండ్రి, 2015 డిసెంబర్‌ల మూతవడ్డది, ప్రతి ఎలక్షన్‌కు ఎవలో తెరుస్తమంటరు, మనం చెరుకు సంగతి వాళ్లకే ఇడిసిపెట్టి కూసున్నం.

పొలాస పరిశోధన స్థానం అంటే మనకు జగిత్యాల సన్నాలే యాదికొస్తయి. నువ్వు రకాలు కూడ అక్కడియే. నువ్వులకు 2025-26ల మద్దతు ధర 9,846, నీళ్లు వరికంటే శాన తక్కువ. దిగుబడి తక్కువొస్తది, కొనేటోడు ఆ ధర ఇస్తడని రాసియ్యడు, ఆ మాట కూడ దాచను. అయినా నా కాలువ కింద ముగ్గురిని అడిగిన. ఇద్దరు సరే అన్నరు. మూడో ఆయన మడి నాకు ఎగువన ఉన్నది, ఇంక ఊకొట్టలే. సంక్రాంతి లోపల ఆయన ఒప్పుకుంటే నాలుగెకరాలు ఒక్క పట్టీగ నువ్వులకు ఇడుస్తం. మంచి విత్తనం ఎవలి కాడన్న ఉంటే నాకు చెప్పుండ్రి, మీ లెక్క కూడ రాసి పంపుండ్రి, తరుగు తీసినంకది.