షూ డబ్బాలోని గాలికి డబ్బులు కట్టకండి

ఈ మధ్య మన గ్రూపుల్లో తరచుగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "అమెరికా సైట్‌లో షూ 90 డాలర్లే. అదే జత ఇక్కడ మాల్‌లో 600 దిర్హాములు. తెప్పించుకుంటే లాభమేనా?" అని. ఒక్కోసారి లాభమే, ఒక్కోసారి చేతి డబ్బులు వదులుతాయి. ఏది ఎప్పుడో తెలియాలంటే బటన్ నొక్కకముందే కాగితం మీద లెక్క వేసుకోవాలి. ఈసారి ఆ లెక్కే చూద్దాం.

స్నీకర్స్ అంటే కాలేజీ పిల్లల సరదా అనుకుంటారు మన ఊళ్లో. పన్నెండు గంటల డ్యూటీలో వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేవాళ్లకీ, రోజంతా వంటగదిలో టైల్స్ మీద నిలబడేవాళ్లకీ మంచి షూ ఎంత అవసరమో మనకు తెలుసు. పైగా చిన్నప్పటి నుంచి చెప్పులతో తిరిగిన పాదాలు మనవి, చాలామందికి ముందు భాగం వెడల్పు. ఆ వెడల్పు సైజులు ఇక్కడి షాపుల్లో దొరకడం కష్టం. అమెరికా షాపుల్లో బ్రూక్స్, న్యూ బ్యాలెన్స్ లాంటివాటిలో ఒకే మోడల్ రెండు మూడు వెడల్పుల్లో ఉంటుంది. ఆడవాళ్ల షూలో బి అంటే మామూలు, డి అంటే వెడల్పు, 2ఇ అంటే ఇంకా వెడల్పు.

పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఫార్వర్డింగ్ కంపెనీ మన పేరు మీద అమెరికాలో ఒక అడ్రసు ఇస్తుంది. షాపువాళ్లు సరుకు ఆ గోడౌన్‌కి పంపుతారు, అక్కడి నుంచి కంపెనీ మనకు విమానంలో పంపుతుంది. ఆ గోడౌన్ ఏ రాష్ట్రంలో ఉందో ముందే చూడండి. ఒరెగాన్, డెలావేర్‌లలో అమ్మకం పన్ను లేదు. కాలిఫోర్నియా అయితే కనీసం 7.25 శాతం పడుతుంది, అంటే 90 డాలర్ల జత మీద ఆరున్నర డాలర్లు అక్కడే పోయినట్టు.

అసలు దెబ్బ రవాణా దగ్గర తగులుతుంది. షూ జత బరువు డబ్బాతో కలిపి కిలో పైచిలుకు ఉంటుంది. కానీ విమానంలో డబ్బా ఎంత చోటు ఆక్రమిస్తుందో దానికీ లెక్క కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె, తూకం బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బులు. షూ డబ్బా 35, 25, 13 సెంటీమీటర్లు అనుకోండి. గుణిస్తే 11,375, భాగిస్తే 2.27 కిలోలు. అంటే సగం డబ్బులు లోపలి గాలికే!

అరకిలోకి 40 దిర్హాములు అనుకుని లెక్క వేద్దాం (మీ కంపెనీ రేటు వేరుగా ఉంటే అది పెట్టుకోండి). డాలరుకి 3.67 దిర్హాములు, కాబట్టి షూ 331 దిర్హాములు. డబ్బాతో వస్తే రెండున్నర కిలోల కింద 200. మొత్తం 531. ఎమిరేట్స్‌లో 2023 జనవరి నుంచి 300 దిర్హాములు దాటిన సరుకుకి కస్టమ్స్ డ్యూటీ 5 శాతం, రవాణా ఖర్చు కలిపిన మొత్తం మీద. దాని మీద ఇంకో 5 శాతం వ్యాట్. అన్నీ కలిపితే 585. మాల్ ధర 600. మిగిలింది 15 దిర్హాములు, అది క్లియరెన్స్ ఛార్జీకే సరిపోదు.

అదే జతని డబ్బా తీసేసి కవర్లో పెట్టి పంపమని గోడౌన్‌వాళ్లకి చెప్పామనుకోండి. బరువు కిలోన్నర లోపు వస్తే 120. డ్యూటీ, వ్యాట్ కలిపి మొత్తం 497. అంటే 100 దిర్హాములు మిగిలాయి. చాలా కంపెనీల్లో డబ్బా తీసేయడం, రెండు మూడు పార్సిళ్లు ఒకటిగా కట్టడం అనే సదుపాయాలు ఉంటాయి. కొందరు దానికి వేరే ఛార్జీ తీసుకుంటారు, అడిగి తెలుసుకోండి. రూమ్మేట్లు ముగ్గురూ కలిసి ఒకేసారి తెప్పించుకుంటే ఇంకా కలిసొస్తుంది.

సౌదీ చెల్లెళ్లు వ్యాట్ 15 శాతం వేసుకోండి, బహ్రెయిన్‌వాళ్లు 10, ఒమాన్‌వాళ్లు 5. కువైట్, ఖతార్‌లలో వ్యాట్ లేదు.

ఇక సైజు సంగతి. తిప్పి పంపాలంటే ఖర్చు షూ ధరకి దగ్గరగా వస్తుంది. అందుకే కొత్త మోడల్‌ని ఫొటో చూసి తెప్పించుకోకండి. ఇక్కడి షాపుకి వెళ్లి వేసుకుని చూసినదీ, లేదా ఇప్పటికే మీరు వాడుతున్నదీ మాత్రమే తెప్పించుకోండి. పాదం కొలత డ్యూటీ నుంచి వచ్చాక తీసుకోండి, పొద్దున్న కొలిస్తే వాపు లెక్కలోకి రాదు. తెల్ల కాగితం మీద నిలబడి గీత గీసి సెంటీమీటర్లలో కొలవండి. షూ నాలుక లోపలి లేబుల్ మీద సెంటీమీటర్ల అంకె ఉంటే దాన్నే నమ్మండి. అమెరికా, యూకే, యూరప్ నంబర్ల దగ్గరే అందరూ తికమకపడేది. గోడౌన్‌కి చేరాక లేబుల్ ఫొటో అడిగి, సైజు సరిచూసుకున్నాకే బయల్దేరదీయమనండి.

ఇంకో కిటుకు చెప్తాను, దీనికి అమెరికా కూడా అక్కర్లేదు. మగవాళ్ల షూలో మామూలు వెడల్పే డి. ఆడవాళ్ల అమెరికన్ సైజులోంచి ఒకటిన్నర తీసేస్తే మగవాళ్ల సైజు వస్తుంది. మీది 8 అయితే మగవాళ్ల 6.5 అడిగి వేసుకుని చూడండి. రంగు నచ్చకపోవచ్చు గానీ కాలి వేళ్లు మాత్రం సుఖపడతాయి.

కొత్త నంబరు మోడల్ దిగగానే పాత నంబరు ధర తగ్గుతుంది, కొనాల్సింది అప్పుడే. నవంబరు చివర ఇక్కడి సేల్‌లో, దుబాయ్ షాపింగ్ ఫెస్టివల్ రోజుల్లో, అవుట్‌లెట్ మాల్‌లో ధర చూడకుండా అమెరికా నుంచి తెప్పించకండి. చాలాసార్లు ఇక్కడే చవగ్గా దొరుకుతుంది.

బిల్లు తక్కువ చేసి రాయించుకోవచ్చని, "గిఫ్ట్" అని రాయించమని ఎవరైనా చెబితే చెవిన పెట్టకండి. కస్టమ్స్‌వాళ్లు పట్టుకుంటే జరిమానా. దారిలో పార్సిల్ పోతే నష్టపరిహారం కూడా మీరు రాయించిన ఆ తక్కువ ధరకే వస్తుంది. వీసా మీద బతికేవాళ్లం, వంద దిర్హాముల కోసం ఆ తలనొప్పి ఎందుకు చెప్పండి? అలాగే 140 డాలర్ల షూ 29 డాలర్లకే అని కనిపించే కొత్త సైట్లలో కార్డు నంబరు కొట్టకండి.

ఇంటి దగ్గర తమ్ముడో, కొడుకో "నాక్కూడా ఒక జత" అంటాడు, తప్పదు. అమెరికా నుంచి నేరుగా ఇండియాకి గిఫ్టుగా పంపిద్దామనుకుంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. 2019 డిసెంబరు నుంచి పోస్టులో, కొరియర్‌లో వచ్చే గిఫ్టులకి అక్కడ సుంకం మినహాయింపు తీసేశారు, రాఖీలకీ ప్రాణరక్షక మందులకీ తప్ప. కాబట్టి సెలవుకి వెళ్లేటప్పుడు మీ పెట్టెలో పట్టుకెళ్లడమే మేలు. షూ లోపల సాక్సులూ, చాక్లెట్లూ కుక్కితే చోటు కూడా వృథా కాదు.

చివరగా ఒక్క మాట. పార్సిల్‌లో అందరి జతలూ ఉంటాయి, తెప్పించిన ఆమె మాత్రం అడుగు అరిగిపోయిన షూతోనే మళ్లీ డ్యూటీకి పోతుంది. మన బిల్డింగుల్లో రోజూ చూసేదే ఇది. ఇంటికి డబ్బు పంపేది ఆ కాళ్ల మీద నిలబడే కదమ్మా. అందుకే ఈసారి జాబితా రాసేటప్పుడు పైన మీ సైజు రాయండి, తమ్ముడి సైజు దాని కింద. మీరు తెప్పించుకున్న జతకి మొత్తం ఎంతైందో, ఏ దేశంలో ఎంత డ్యూటీ పడిందో గ్రూపులో పెట్టండి, పక్కవాళ్లకి పనికొస్తుంది. వచ్చే నెల మళ్లీ కలుద్దాం.