మొదటి ఇంజెక్షన్‌కు ముందే హద్దు గీసుకోవాలి

సంతాన సాఫల్య కేంద్రంలో డాక్టరు గది నుంచి బయటికి రాగానే దంపతుల చేతికి ఒక కాగితం వస్తుంది. చాలాచోట్ల ప్యాకేజీ ధర ఒక్కటే అందులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంజెక్షన్లు వేరు, పిండాలను ఫ్రీజ్ చేసి దాచినందుకు ఏటా కట్టేది వేరు, తర్వాత వాటిని గర్భసంచిలో ప్రవేశపెట్టే ఖర్చు వేరు అన్న సంగతి అడిగితే తప్ప బయటపడదు. హైదరాబాద్, విజయవాడల్లో ఇవన్నీ కలుపుకుంటే ఒక ఐవీఎఫ్ సైకిల్‌కు దాదాపు ఒకటిన్నర నుంచి రెండున్నర లక్షలు అవుతుంది.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? సంతానలేమి చికిత్సను ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు మినహాయింపుల జాబితాలోనే పెట్టాయి. దాంతో చిట్టీ ఎత్తాలి, బంగారం తాకట్టు పెట్టాలి, లేదంటే నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవాలి. రెండు లక్షలకు నెలకు నాలుగు వేలు వడ్డీయే. పాతిక వేల జీతం మీద బతికే ఇంట్లో జీతంలో ఆరోవంతు అసలు తీరకుండానే పోతుంది.

డబ్బు లేనివాళ్లకు ఇదంతా ఎందుకు అనడం క్రూరత్వం. బిడ్డ కావాలనుకోవడం విలాసం కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అయితే ఎంత ఖర్చు పెట్టాలి, ఎన్ని సైకిళ్లు చూడాలి అన్నది చికిత్స మొదలుకాకముందే భార్యాభర్తలు తేల్చుకోవాలి. మధ్యలో తేల్చుకుందాంలే అనుకుంటే అది ఎప్పటికీ తేలదు.

ఎందుకు తేలదో అందులో ఉన్నవాళ్లకు తెలుసు. పదీ పన్నెండు రోజులు పొట్ట మీద సూదులు, రెండు మూడు రోజులకోసారి స్కానింగ్, అండాలు తీయడం, పిండం పెట్టడం, ఆ తర్వాత రెండు వారాల ఎదురుచూపు. చివరికి గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్త పరీక్ష రిపోర్టు ఫోన్‌లోకి వస్తుంది. అంకె ఐదు కూడా దాటలేదంటే అంతా వృథా. ఆ వారంలోనే, పిండం నాణ్యత బాగానే ఉంది, ఈసారి పద్ధతి మారుద్దాం అన్న మాట వినిపిస్తుంది. ఇంట్లోనేమో ఏమైనా విశేషమా అని అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. అంత దుఃఖంలో ఉన్న మనిషి పొలం కాగితాల మీద సంతకం పెట్టమన్నా పెడతాడు.

లెక్కల సంగతి చూద్దాం. బ్రిటన్‌లో లక్షన్నరకు పైగా మహిళల వివరాలతో చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. మొదటి సైకిల్‌లో బిడ్డ పుట్టినవాళ్లు నూటికి 29 మందికి పైగా ఉన్నారు. ఆరు సైకిళ్ల దాకా వెళ్తే మొత్తం మీద దాదాపు 65 మంది తల్లులయ్యారు. ఒక్కసారి విఫలమైనంత మాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదని ఈ లెక్క ధైర్యం చెబుతుంది. కానీ ఆరు సైకిళ్లకు ఇక్కడ పది లక్షలు ఎవరిస్తారు? ఇస్తారనుకున్నా నూటికి ముప్ఫై అయిదు మంది ఖాళీ చేతులతోనే మిగులుతారు.

డబ్బు కంటే పెద్ద లెక్క వయసుది. అదే బ్రిటన్‌లో ఈ చికిత్సలను పర్యవేక్షించే నియంత్రణ సంస్థ గణాంకాల్లో, సొంత అండాలతో చేసిన చికిత్సలో ఒక పిండం ప్రవేశపెడితే బిడ్డ పుట్టే అవకాశం 35 ఏళ్లలోపు వారికి మూడోవంతుకు అటూ ఇటూగా ఉంటే, 43, 44 ఏళ్ల వారికి నూటికి ఐదుకు పడిపోతుంది. మూడు లక్షలు చేతిలో ఉన్న 29 ఏళ్ల మహిళకూ, అదే మూడు లక్షలున్న 43 ఏళ్ల మహిళకూ ఒకే సలహా చెప్పేవాళ్లను నమ్మకూడదు.

కొద్ది డబ్బున్నవాళ్లు ఆ డబ్బును ముందు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ముఖ్యమైన విషయం. వీర్య పరీక్ష ఖర్చు మామూలుగా ఒక రోజు ఇంజెక్షన్ల ఖర్చంత కూడా ఉండదు. అయినా మన ఇళ్లలో కోడలిని గుళ్లకూ ఆసుపత్రులకూ ఏళ్ల తరబడి తిప్పి, ఆ ఒక్క పరీక్షకు కొడుకును పంపరు. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య వల్ల అండాలు విడుదల కాని చాలామందికి లెట్రోజోల్ మాత్రలతో ఫలితం ఉంటుంది. 2011లో సంతానలేమికి దీని వాడకాన్ని నిషేధించిన కేంద్రం 2017లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది కూడా. గర్భసంచికి, ట్యూబులకు సోకిన క్షయ మన దేశంలో సంతానలేమికి ఒక ముఖ్య కారణం. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఇవన్నీ చూడకుండా నేరుగా ఐవీఎఫ్ బల్ల ఎక్కించే చోట రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవాల్సిందే.

అదనపు హంగుల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. పిండం బాగా అతుక్కోవడానికంటూ గర్భసంచి లోపలి పొరను సన్నగా గీకే పద్ధతి చాలాకాలం నడిచింది. ఐదు దేశాల్లో 1,364 మంది మహిళల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. గీకినవాళ్లలోనూ గీకనివాళ్లలోనూ బిడ్డలు పుట్టింది ఒకే శాతం, 26.1. ఆశపడ్డవాళ్లు నొప్పి భరించి డబ్బు కట్టింది దేనికి మరి?

2019 సెప్టెంబర్‌లో గుంటూరులో 74 ఏళ్ల మహిళ దాత అండాలతో ఐవీఎఫ్ ద్వారా కవలలకు జన్మనిచ్చినప్పుడు, ఏ వయసులోనైనా సాధ్యమేనన్న ఆశ ఊరూరా పాకింది. ఆ తర్వాత సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రిస్తూ వచ్చిన 2021 కేంద్ర చట్టం మహిళకు 50 ఏళ్లు, పురుషుడికి 55 ఏళ్లు దాటితే ఈ చికిత్సలు చేయకూడదంది. చాలామంది గమనించని మరో గడువు దత్తతది. రెండేళ్లలోపు బిడ్డను దత్తత తీసుకోవాలంటే దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. ఇంకొక్క సైకిల్, ఇంకొక్క సైకిల్ అంటూ ఏళ్లు గడిపితే ఆ తలుపు కూడా మూసుకుంటుంది.

ఆశ హద్దు దాటినచోట మోసగాళ్లు కాచుకుని ఉంటారు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసులో పోలీసులు చెప్పిందేమిటంటే, ఐవీఎఫ్ కోసం వచ్చిన దంపతులను సరోగసీకి ఒప్పించి, దాదాపు 35 లక్షలు తీసుకుని, వేరెవరికో పుట్టిన శిశువును చేతిలో పెట్టారు. డీఎన్ఏ పరీక్షలో గానీ నిజం తెలియలేదు.

అందుకే దంపతులు ముందుగా కూర్చుని ఎన్ని సైకిళ్లు, ఎంత మొత్తం, ఏ వయసు వరకు అన్నది కాగితం మీద రాసుకోవాలి. ఉన్న ఇల్లు, అత్తమామల మందుల డబ్బు లాంటి ముట్టుకోకూడనివేవో కూడా అందులోనే ఉండాలి. తాకట్టుకు వెళ్లేది ఎక్కువగా ఆమె బంగారమే, సూదులు గుచ్చేదీ ఆమె ఒంటికే. ఇక చాలు అనే మాట ఆమె నోటి నుంచి వస్తే దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. ఆసుపత్రిలో అడగాల్సింది కూడా ఉంది: నా వయసు వాళ్లలో మీ దగ్గర గర్భం దాల్చింది ఎందరు అని కాదు, బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్లింది ఎందరు అని. విజయావకాశాలు, ఖర్చు, ప్రమాదాలు ముందే వివరించాలని 2021 చట్టం ఆసుపత్రులను ఆదేశిస్తోంది.

ప్రభుత్వాల బాధ్యత మాటేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గుతోందన్న ఆందోళనతో ఆంధ్రప్రదేశ్ 2024 నవంబర్‌లో స్థానిక ఎన్నికల పోటీకి ఇద్దరు పిల్లల నిబంధన తీసేసింది. ఎక్కువమందిని కనమనే పాలకులు, ఒక్కరి కోసం తపించేవాళ్లను వడ్డీ వ్యాపారికి వదిలేయడం అన్యాయం. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబర్‌లో ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించారు. మంచి అడుగే. కానీ ఆదిలాబాద్ కూలీ మహిళ రెండు మూడు రోజులకోసారి స్కానింగ్ కోసం, ఐసు సంచిలో ఇంజెక్షన్లు పెట్టుకుని, మూడు వందల కిలోమీటర్లు బస్సులో రాలేదు. బోధనాసుపత్రి ఉన్న ప్రతి ఉమ్మడి జిల్లాలోనూ ఈ చికిత్స అందాలి. చిన్న రాష్ట్రం సిక్కిం ఐవీఎఫ్‌కు 3 లక్షల వరకు సాయం ప్రకటించగలిగినప్పుడు మనకు సాధ్యం కాదనలేం.

డబ్బు ఖర్చు కాని పని ఒకటి వెంటనే చేయొచ్చు. అమెరికాలో 1992 చట్టం వల్ల ఏ ఆసుపత్రిలో ఏ వయసు వారిలో ఎంత శాతం మందికి బిడ్డలు పుట్టారో ఎవరైనా చూసుకోవచ్చు. మన 2021 చట్టం కూడా ఆసుపత్రుల ఫలితాలను జాతీయ రిజిస్ట్రీ సేకరించాలని చెబుతోంది. ఆ వివరాలను ఆసుపత్రుల వారీగా, వయసుల వారీగా, తెలుగులో ప్రజల ముందు పెట్టమని రెండు రాష్ట్రాలూ కేంద్రాన్ని కోరాలి.